సింగపూర్ గుండుసూది కూడా తయారు చెయ్యదట!

మొన్న ఆఫీసు కెఫెటేరియాలో ఓ చర్చ జరిగింది. చర్చ అనేకంటే ఒక పెద్దమనిషి ఉపన్యాసం, మేం ప్రేక్షకులం అంటే సరిపోతుంది. విషయం: విశాఖపట్నంలో ప్రభుత్వానికి ఇంకా షిప్‌యార్డు ఎందుకు? ఆయన వాదన ఇదీ: "సింగపూర్ చూడండి. గుండుసూది కూడా తయారు చెయ్యదు. రేవు, బ్యాంకులు, సర్వీసులు, అంతే. ఎక్కడుంది చూడండి ఇవాళ! ఆ షిప్‌యార్డు స్థలం ఇచ్చేస్తే పది ఐటీ పార్కులు కట్టొచ్చు." చుట్టూ ఉన్న అయిదుగురూ తలలూపారు. నేను పెరుగన్నం తింటూ ఊరుకున్నా. అలా ఊరుకున్నందుకు రెండ్రోజులుగా నా మీద నాకే కోపంగా ఉంది. అందుకే ఈ టపా.

ముందే చెప్పేస్తున్నా, నాకు ఇందులో పక్షపాతం ఉంది. నేను గాజువాక కుర్రాణ్ణి. చదివింది మెకానికల్, చేసేది జావా. మా బ్యాచ్ లో మెకానికల్ ఉద్యోగాల్లో మిగిలినవాళ్ళని ఒక చేతి వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు. అందులో ఒకడు వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్. ఎక్కడో తెలుసా? సింగపూర్ లో, ఓ షిప్‌యార్డులో! గుండుసూది కూడా తయారు చెయ్యని దేశంలో మావాడు ఏం ఇన్‌స్పెక్టు చేస్తున్నట్టు?

సరే, అసలు విషయానికొద్దాం.

సింగపూర్ మలేషియా నుంచి విడిపోయింది 1965 ఆగస్టు 9న. రెండున్నరేళ్ళు తిరక్కుండానే, 1968 జనవరిలో, బ్రిటన్ వాళ్ళు "మా సైన్యాన్ని 1971 కల్లా తీసుకెళ్ళిపోతాం" అని చెప్పేశారు. అప్పటికి వీళ్ళ నౌకాదళం అంటే చెక్కతో కట్టిన రెండు ఓడలు. చుట్టూ సముద్రం, ప్రపంచంలోనే రద్దీ జలసంధుల్లో ఒకటి గుమ్మం ముందే. అదే 1968లో ప్రభుత్వం ఒక నౌకా నిర్మాణ కంపెనీ పెట్టింది. ఇవాళ్టి ఎస్టీ ఇంజినీరింగ్ లో ఓడలు కట్టే విభాగానికి మూలం అదే. రక్షణ పరిశ్రమకి పునాది వేసినవాడిగా అక్కడ గో కెంగ్ స్వీ పేరు చెప్తారు. ఆయన చదువు ఆర్థికశాస్త్రంలో డాక్టరేటు. అంటే పడవలు కట్టాలని ఆలోచించింది లెక్కలు రాని వీరాభిమానులు కాదు, లెక్కలు బాగా తెలిసినవాళ్ళు.

తర్వాత వాళ్ళు ఏం కొన్నారో, ఎలా కొన్నారో వరసగా చూడండి.

1. 1968లో ఆర్డరిచ్చిన ఆరు గస్తీ పడవలు, బ్రిటన్ లోని వాస్పర్ థార్నీక్రాఫ్ట్ డిజైన్. రెండు ఇంగ్లండులో కట్టారు, నాలుగు సింగపూర్ లో. అయితే సింగపూర్ లో కట్టిన యార్డు కూడా ఆ బ్రిటిష్ కంపెనీదే.

2. 1970లలో ఆరు క్షిపణి పడవలు, సీ వుల్ఫ్ తరగతి, 45 మీటర్లు. డిజైన్ జర్మనీలోని లూర్సెన్ ది. రెండు జర్మనీలో, నాలుగు సింగపూర్ లో. ఈసారి కట్టింది సొంత యార్డు.

3. 1990-91లో ఆరు విక్టరీ తరగతి ఓడలు, 62 మీటర్లు. మళ్ళీ లూర్సెన్ డిజైనే. జర్మనీలో కట్టింది ఒక్కటే, అయిదు ఇంట్లోనే.

4. 1996-98 మధ్య నౌకాదళంలో చేరిన పన్నెండు ఫియర్‌లెస్ తరగతి గస్తీ పడవలు. 55 మీటర్లు, 500 టన్నులు, ప్రొపెల్లర్ బదులు వాటర్ జెట్లు. బయట కట్టినవి ఎన్ని? సున్నా. డిజైన్ ఎవరిది? వాళ్ళ యార్డుదే.

రెండు, రెండు, ఒకటి, సున్నా. ఈ నాలుగు అంకెలే నా మొత్తం వాదన. సున్నాకి చేరడానికి దాదాపు ముప్ఫయ్యేళ్ళు పట్టింది. మధ్యలో ఎవరూ "ఆత్మనిర్భరత" అని బ్యానర్లు కట్టలేదు, "మనవల్ల కాదులే" అని యార్డు స్థలం అమ్మెయ్యనూ లేదు.

మన భాషలో చెప్పాలంటే ఇది కేటీ, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. మన కేటీ ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. క్లయింటు నాలుగు స్లైడ్లు చూపిస్తాడు, మనం రికార్డింగ్ ఆన్ చేసి ఫోన్ చూసుకుంటాం, శుక్రవారం సాయంత్రానికి సైనాఫ్ అయిపోతుంది. వాళ్ళ కేటీ అలా కాదు. మొదటిది వాళ్ళు కడుతుంటే పక్కన నిలబడి చూడు. రెండోది నీ యార్డులో నువ్వు కట్టు. వంకర వస్తే నీ నేవీయే నీ పీక పట్టుకుంటుంది. మూడోది కట్టేటప్పుడు ఆ వంకర రాకూడదు. ఒకే రకం ఆరేసి పడవలు కొనడంలో కిటుకు అదే. ఒక్క పడవ కడితే ఫోటో దిగొచ్చు. అయిదో పడవ కట్టేటప్పటికి గానీ పని రాదు.

ఇప్పుడు కెఫెటేరియా మేధావులు వేసే ప్రశ్నలకొద్దాం.

"అదంతా అసెంబ్లీయే కదా?" ఫియర్‌లెస్ లో ఇంజన్ జర్మనీది, ముందున్న 76 మిల్లీమీటర్ల ఫిరంగి ఇటలీది, మిస్ట్రాల్ క్షిపణి ఫ్రాన్సుది. నిజమే, ఒప్పుకుంటున్నా. మరి మీరు రాసే సాఫ్ట్‌వేర్ లో లాంగ్వేజ్ ఎవరిది? డేటాబేస్ ఎవరిది? క్లౌడు ఎవరిది? అయినా సరే ఆ ప్రోడక్టు మీ కంపెనీదే అంటారు కదా. సొంతం అంటే ప్రతి మరా ఇంట్లోనే పోత పొయ్యడం కాదు. ఏది ఎక్కడ పెట్టాలో నిర్ణయించడం, అన్నిటినీ కలిపి పనిచేయించడం, రేపు మార్చాలంటే ఎవర్నీ అడక్కుండా మార్చగలగడం.

మార్చగలిగారా మరి? 2012లో ఒమన్ వాళ్ళు నాలుగు గస్తీ ఓడలకి ఆర్డరిస్తే, ఇదే ఫియర్‌లెస్ డిజైన్ ని 75 మీటర్లకి సాగదీసి కట్టిచ్చారు. లైసెన్సు మీద తెచ్చుకున్న డ్రాయింగుని అలా సాగదీసి మూడో దేశానికి అమ్మి చూడండి, ముందు లాయరు నోటీసు వస్తుంది. సొంత నేవీలో పని అయిపోయిన ఫియర్‌లెస్ పడవల్లో నాలుగింటికి పక్కల దెబ్బ తగలకుండా ఫెండర్లు, తూటాలు ఆపే కవచం వగైరా పెట్టి 2021లో సెంటినెల్ తరగతి పేరుతో కొత్త డ్యూటీలో దించారు. పాత కోడ్ ని తిరగరాయకుండా బాగు చెయ్యడం ఎవడికి చేతనవుతుంది? దాన్ని మొదట రాసినవాడికి.

"చిన్న దేశం, వాళ్ళకి సులువు." అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. నౌకా నిర్మాణంలో చిన్న దేశం కావడం శాపం. ఎన్ని పడవలు కావాలి వాళ్ళకి? ఆరు, మహా అయితే పన్నెండు. ఆ తర్వాత యార్డు ఏం చెయ్యాలి? అంత చిన్న ఇంటి మార్కెట్టుతో నిలబడ్డారు. 2008లో థాయ్‌లాండ్ కి కూడా ఒక పెద్ద ఉభయచర ఓడ అమ్మారు, అదీ సొంత నేవీ కోసం గీసుకున్న డిజైనే. మనకి అంత తీరం, అంత నేవీ, దాని పక్కన కోస్ట్ గార్డు. సులువు ఎవరికి చెప్పండి?

"కొనుక్కోవచ్చుగా, డబ్బులుంటే?" దీనికి జవాబు ఇంకో చిన్న దేశం ఇస్తుంది. ఇజ్రాయెల్ ఫ్రాన్సులోని షెర్‌బూర్ యార్డుకి పన్నెండు క్షిపణి పడవలు ఆర్డరిచ్చింది. కట్టడం నడుస్తుండగానే ఫ్రాన్సు ఆయుధాల అమ్మకం మీద నిషేధం పెట్టింది. చివరి అయిదింటినీ 1969 క్రిస్మస్ వేళ, రాత్రికి రాత్రి చెప్పకుండా తీసుకుపోవాల్సొచ్చింది. సొంత సరుకుని దొంగతనంగా తెచ్చుకోవడం అన్నమాట! తర్వాతి తరం పడవల్ని వాళ్ళు హైఫాలో కట్టుకున్నారు. మొదట్లో సింగపూర్ సైన్యానికి సలహాలిచ్చింది కూడా ఇజ్రాయెల్ వాళ్ళే, సీ వుల్ఫ్ పడవల మీద పెట్టిన గాబ్రియెల్ క్షిపణులూ వాళ్ళవే. డబ్బుంటే చాలదనే సంగతి సింగపూర్ కి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేకపోయింది.

నా వాదనకి అడ్డొచ్చేవి కూడా చెప్పకపోతే అన్యాయం. ఫియర్‌లెస్ ల తర్వాత వచ్చిన ఎనిమిది ఇండిపెండెన్స్ తరగతి ఓడల డిజైన్ లో స్వీడన్ కంపెనీ సాబ్ కోకమ్స్ పాత్ర పెద్దది. అంటే సున్నాకి చేరిన తర్వాత కూడా బయటి సాయం తీసుకున్నారు. కానీ ఏం అడగాలో తెలిసి తీసుకున్నారు. 80 మీటర్ల ఓడని ఇరవైమూడు మందితో నడపాలని షరతు పెట్టారు. దానికోసం ఓడ నడిపే చోటు, యుద్ధం నడిపే చోటు, ఇంజన్లు చూసుకునే చోటు, మూడింటినీ ఒకే గదిలోకి తెచ్చారు. ఆ ఆలోచన వాళ్ళ నేవీది, వాళ్ళ రక్షణ సాంకేతిక సంస్థ ఇంజినీర్లది. ఓడలన్నీ కట్టింది సింగపూర్ లోనే.

ఇంకోటి. ఆ యార్డుల్లో మండుటెండలో వెల్డింగు చేసేవాళ్ళలో ఎక్కువమంది బంగ్లాదేశ్ నుంచీ, మన దేశం నుంచీ వెళ్ళిన వలస కార్మికులే. 2020లో కోవిడ్ వాళ్ళ డార్మిటరీలని చుట్టబెట్టినప్పుడు వాళ్ళు ఎంత ఇరుకులో బతుకుతున్నారో లోకమంతా చూసింది. సింగపూర్ ని దేవుడి గదిలో పెట్టి పూజించమని నేను అనట్లేదు. కానీ గమనించండి, చేతులు బయటనుంచి తెచ్చుకున్నారు, బుర్ర మాత్రం ఇంట్లో ఉంచుకున్నారు. మనం? చేతులూ పంపిస్తున్నాం, బుర్రలూ పంపిస్తున్నాం.

ఇక విశాఖకి వద్దాం. హిందుస్థాన్ షిప్‌యార్డు మన కోస్ట్ గార్డుకి అయిదు గస్తీ పడవలు కట్టింది, ఒక్కోటి యాభై మీటర్ల పైచిలుకు. మొదటిది, రాణి అబ్బక్క, 2009 జనవరిలో విధుల్లో చేరింది. అయిదోది, రాణి రాష్‌మణి, 2018 జూన్ లో. అయిదు పడవలకి తొమ్మిదేళ్ళు! ఫియర్‌లెస్ లు పన్నెండూ నేవీలో చేరడానికి పట్టింది దాదాపు రెండేళ్ళు. ఇది చూసి "మనవాళ్ళ రక్తంలోనే లేదండీ" అని నిట్టూర్చే బ్యాచ్ ఒకటుంది. వాళ్ళ కోసం ఇంకో లెక్క: కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ యార్డు ఇంచుమించు అదే సైజు కార్ నికోబార్ తరగతి పడవలు పది కట్టింది. 2009లో మొదలుపెట్టి 2011 కల్లా పదీ నేవీలో చేరిపోయాయి. అదే దేశం, అదే ప్రభుత్వ రంగం, అవే జీతాలు. కాబట్టి రక్తాన్ని వదిలెయ్యండి.

తేడా ఎక్కడుంది? నా అభిప్రాయం ఇది. యుద్ధనౌకల పని గార్డెన్ రీచ్ కి దశాబ్దాలుగా అలవాటు. విశాఖ యార్డు 2010 దాకా రక్షణ శాఖ కిందకే రాలేదు. ఆర్డరొస్తే ఓడ, లేకపోతే మరమ్మతు, మధ్యలో నష్టాలు. నేర్చుకున్నవాడు రిటైరైపోతాడు, వాడి పని నేర్చుకోవాల్సినవాడు నాలాగా జావా రాసుకుంటూ ఉంటాడు. చేసే పని లేక యార్డు పాడవుతుంది. పాడైందని పని ఇవ్వం. పనివ్వలేదు కాబట్టి ఇంకా పాడవుతుంది. చివరికి ఒకాయన కెఫెటేరియాలో నిలబడి "స్థలం అమ్మేద్దాం" అంటాడు.

అదే యార్డు నిస్తార్ అనే డైవింగ్ సపోర్ట్ ఓడని కట్టి 2025లో నేవీకి అప్పజెప్పింది. 2023లో ఒకేసారి అయిదు భారీ ఫ్లీట్ సపోర్ట్ ఓడలకి కాంట్రాక్టు వచ్చింది, విలువ సుమారు 19,000 కోట్లు. ఒకటి కాదు, అయిదు! సింగపూర్ పాఠం అదే కదా. ఇప్పుడు జరగాల్సింది ఆ అయిదూ అయిపోకముందే తర్వాతి వరస ఏంటో చెప్పడం. ఆలస్యమైతే నిలదియ్యండి, లెక్కలు అడగండి, పెనాల్టీలు వెయ్యండి. కానీ తీరా చెయ్యి తిరిగే వేళకి ఆర్డర్లు ఆపేసి స్థలం కొలవడానికి టేపు పట్టుకురాకండి.

చివరగా మన సంగతి. ఐటీ పార్కులు వద్దని నేనెందుకంటాను, నా అన్నం అక్కడిదే. కానీ ఒక్కసారి నిజాయితీగా ఆలోచించండి. రెండు, రెండు, ఒకటి, సున్నా అనే వరసలో మనం ఎక్కడున్నాం? ఎవడో గీసిన డ్రాయింగు పట్టుకుని వాడు చెప్పిన టైముకి కట్టిచ్చే దగ్గర ఏళ్ళ తరబడి ఆగిపోయాం. అంటే సీ వుల్ఫ్ దగ్గరే లంగరేసేశాం. మనలో చాలామంది కెరీర్ లో ఒక్క ఫియర్‌లెస్ కూడా లేదు. అలాంటి మనం షిప్‌యార్డుకి నీతులు చెప్పడం, అదీ సింగపూర్ ని అడ్డం పెట్టుకుని చెప్పడం, కాస్త ఎక్కువే.

నిన్న రాత్రి మావాడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. నవ్వాడు. "ఒరేయ్, ఇక్కడ నేను చూసే వెల్డు సింధియాలో కూడా చూడగలను. ఏటా పనుంటుందని ఎవడైనా మాటిస్తే రేపే వచ్చేస్తా" అన్నాడు.

సోమవారం లంచ్ టైములో ఆ పెద్దమనిషి పక్కనే కూర్చుంటా. పెరుగన్నం తర్వాత తినొచ్చు :)

తిట్టాలనుకునేవాళ్ళు కామెంట్లలో నిరభ్యంతరంగా తిట్టండి. కాకపోతే లెక్కలతో తిట్టండి.