ఒకే వాన, ఒకే నేల, ఎన్నో ఎత్తులు

తొలకరి పడిన కొద్ది రోజులకే ఖాళీ స్థలాలలో తగిరిస మొక్కలు చాప పరచినట్లు మొలవడం పాఠక మిత్రులు గమనించే ఉంటారు. అప్పటికి అన్నీ దాదాపు ఒకే ఎత్తు. ఆశ్వయుజం నాటికి కొన్ని నడుమెత్తు పెరిగి కాయలు కాస్తాయి. వాటి నీడలో జానెడు కూడా ఎదగని మొక్కలు నాలుగు ఆకులతో మిగిలి ఉంటాయి. నేల ఒకటే, వాన ఒకటే. ఈ తేడా ఎక్కడిది?

నేలలో సారం చాలకనే అనుకోవడం పరిపాటి. అది సగం సమాధానం మాత్రమే. జేకబ్ వైనర్ అనే పరిశోధకుడు ఒక బాకా పూల తీగపై చేసి 1986లో ప్రచురించిన ప్రయోగంలో వేళ్ల పోటీని, ఆకుల పోటీని విడదీసి చూశారు. వేళ్లు పోటీపడినచోట తీగలన్నీ బాగా చిన్నవయ్యాయి గాని, వాటి మధ్య అంతరం పెరగలేదు. వెలుగు కోసం పోటీపడినచోటనే అంతరం పెరిగింది. నీటిని, నత్రజనిని ప్రతి మొక్కా తన వేళ్ల కొద్దీ తీసుకోగలదు. వెలుగు అలా కాదు, అది ప్రధానంగా పైనుండి వస్తుంది. అంగుళం ఎత్తున ఉన్న ఆకు కింది ఆకుకు నీడ పెడుతుంది; కింది ఆకు పైదానిని ఏమీ చేయలేదు. రెండు రోజులు ముందు మొలిచిన లాభం ఇలా వడ్డీకి వడ్డీగా పెరుగుతుంది. (మనుషుల ఆదాయ వ్యత్యాసాలను కొలిచే గిని సూచీతోనే శాస్త్రజ్ఞులు ఈ అంతరాలనూ కొలుస్తున్నారు. అకౌంట్స్ విభాగపు మిత్రులకు ఇది ఆసక్తి కలిగించవచ్చు.)

ఒత్తిడి మరీ పెరిగితే చిన్నవి చనిపోతాయి. 1963లో జపాను శాస్త్రజ్ఞుడు యోదా, ఆయన సహచరులు దీనికొక సూత్రం చెప్పారు: గుంపు పలచబడి మొక్కల సంఖ్య నాలుగో వంతుకు తగ్గేసరికి, మిగిలిన ఒక్కొక్కదాని సగటు బరువు సుమారు ఎనిమిది రెట్లవుతుంది. ఆ ఘాతాంకంపై తరువాత వాదాలు నడిచాయి. సంఖ్య తగ్గితేనే పరిమాణం పెరుగుతుందన్న విషయంలో మాత్రం వివాదం లేదు.

వనమహోత్సవంలో వేప, గానుగ మొక్కలను గజానికొకటి చొప్పున నాటి, రిజిస్టరులో సంఖ్య ఘనంగా వ్రాసుకోవడం మనకు అలవాటు. కొన్నేళ్లకు సగం ఎండితే నీరు పోయలేదని తోటమాలిని సంజాయిషీ అడుగుతాము. నీరు సక్రమంగా పోసినా, అంత దగ్గరగా నాటినవి అన్నీ ఎదగవు. ఈసారి గుంతలు తీయకముందే ఎడం నిర్ణయించవలసి ఉంది. రిజిస్టరులో ‘నాటినవి’ అనే గడి పక్కన ‘మూడేళ్లకు నిలిచినవి’ అనే గడి కూడా గీయించాలని మా సూచన.