హాల్లో సముద్రం సరే, నీళ్లు మోసేదెవరు?

కొత్తిల్లు కట్టుకునేవాళ్ల ముచ్చట్లలో ఈమధ్య ఒక కొత్త మాట వినిపిస్తోంది. హాల్లో టీవీ పక్కన ఉప్పునీళ్ల చేపల తొట్టి పెట్టించాలట. మామూలు తొట్టి కాదు. నీలం లైటు, ఊగే పగడాలు, నారింజ రంగు ఒంటి మీద తెల్లచారల క్లౌన్ ఫిష్. "పిల్లలు ఫోన్ వదిలేసి దాన్నే చూస్తారు" అని పైనుంచి ఒక సమర్థింపు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. నా గొడవంతా ఆ అందాన్ని రోజూ బతికించే పనితోనే. ఆ పని ఎవరిదో తేలకుండా తొట్టిని గడప దాటనివ్వకండి అంటున్నాను.

ముందు ఆ పనేమిటో చూద్దాం. వంద లీటర్ల తొట్టిని ఈ సరదా ఉన్నవాళ్లు చిన్నది అంటారు. సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే వంద లీటర్లకు మూడున్నర కిలోలు. మన వంటింటి ఉప్పు పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియం లాంటివి కలిసిన ప్రత్యేకమైన ఉప్పు కొనాలి. వారం వారం పదో వంతు నీళ్లు తీసేసి, కొత్తగా కలిపిన ఉప్పునీళ్లు పొయ్యాలి.

ఇది వారం పని. రోజు పని వేరే. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు పోదు. పొయ్యి మీద మరిచిన పప్పుచారు చిక్కబడి ఉప్పగా అయినట్టే తొట్టీ అవుతుంది. అందుకని తగ్గినంత మంచినీళ్లు రోజూ పొయ్యాలి. చేపలకు మేత వెయ్యాలి, ఎక్కువ కాకుండా చూడాలి, గాజుకు పట్టిన నాచు గీకాలి. పగడాలకు నీళ్లు 25, 26 డిగ్రీల్లో ఉండాలి. మన దగ్గర ఎండాకాలం నలభై దాటుతుంది. నీళ్లు 30 దాటి కొన్నాళ్లు అట్లాగే ఉంటే, పగడం తన ఒంట్లో కాపురముంటూ తనకు తిండి పెట్టే నాచునే బయటికి గెంటేసి తెల్లబడుతుంది. కరెంటు పోయి పంపు ఆగితే నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతే ఇంట్లో ఉండేదెవరు? చెప్పక్కర్లేదు కదా.

ఇదేదో మన ఊళ్లో పుట్టిన తీరు కాదు. 1846లో అన్నా థిన్ అనే ఇంగ్లండు ఆవిడ టార్కీ సముద్రతీరం నుంచి బతికున్న పగడాలను లండన్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. అప్పుడు పంపులు లేవు. నీళ్లలోకి గాలి చేరాలంటే తెరిచిన కిటికీ దగ్గర నిలబడి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తూ ఉండాలి, మనం టీ చల్లార్చినట్టు. రోజూ అరగంట, ముప్పావుగంట. పోసింది ఆవిడ కాదు, ఇంటి పనిమనిషి. ఇంట్లో పగడాలను బతికించిన తొలివాళ్లలో అన్నా థిన్ పేరు నిలిచింది. చేతులు నొప్పిపుట్టేలా నీళ్లు పోసిన అమ్మాయి మాత్రం "పనిమనిషి"గానే మిగిలింది. అప్పటికే 1832లో సిసిలీలో జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఆవిడ గాజుతొట్లు చేయించి సముద్రజీవులను స్వయంగా గమనించింది. ఆవిడ తొట్టి ఆవిడ పని. ఆ తీరుతో నాకు పేచీ లేదు. పేరు ఒకరిది, పాత్ర ఇంకొకరిది అయిన చోటే పేచీ.

మనింట్లో ఆ పాత్ర ఎవరి చేతికి వస్తుందో లెక్కలే చెప్తాయి. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు దానికే ఇస్తున్నారని తేలింది. అదే పని చేసే మగవాళ్లు ఇచ్చేది 97 నిమిషాలు. ఈ లెక్క మీద ఇంకో తొట్టి పెడితే దాని నిమిషాలు ఏ వైపు చేరతాయి? ఇప్పటికే కుక్కపిల్ల, కుండీల మొక్కలు, పిల్లల స్కూలు ప్రాజెక్టులు ఏ వైపు చేరాయో ఆ వైపే.

ఇక నీళ్ల సంగతి. మన పాలమూరు, నల్లగొండ ఆడవాళ్లకు నీళ్ల విలువ ఇంకొకరు చెప్పాలా? బోరునీళ్లలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అనే పేరు పడిందంటే మన కష్టం ఎంతదో తెలుస్తుంది. మన అమ్మలు బావుల నుంచి బిందెలు మోశారు. ఎల్లూరు దగ్గర శ్రీశైలం వెనుక జలాల నుంచి కృష్ణ నీళ్లు ఎత్తిపోస్తే గానీ ఈ మెట్ట నేల తడవలేదు. పగడాల తొట్టికి బోరునీళ్లు పనికిరావు. నైట్రేటు, ఫాస్ఫేటు ఉంటే నాచు పెరిగి పగడాలను కప్పేస్తుంది. వడపోసిన ఆర్‌ఓ నీళ్లే పొయ్యాలి. ఇంట్లో ఉండే ఆర్‌ఓ మిషను ఒక్క లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు వదిలేస్తుంది. ఆ వదిలిన నీళ్లు బకెట్లకు పట్టి, గిన్నెలకో బండలు కడగడానికో మోసేది మళ్లీ మనమే. నల్లా ఇంటికొచ్చి బిందె దిగిందనుకుంటే, బకెట్ ఎక్కడం ఏం న్యాయం?

చట్టం సంగతీ తెలుసుకోండి. రీఫ్ కట్టే రాతి పగడాలనూ సముద్ర గుర్రాలనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూల్లో చేర్చారు. మన జిల్లాలోని అమ్రాబాద్ అడవిలో తిరిగే పులి ఉన్నది కూడా ఆ షెడ్యూల్లోనే. మన సముద్రాల్లోంచి పగడం పీకి అమ్మడం నేరం. విదేశాల నుంచి వచ్చినవాటికీ కాగితాలుండాలి. "ఏం కాదు, అందరూ పెట్టుకుంటున్నారు" అనే దుకాణదారు మాట నమ్మి ఇంటికి తెస్తే, రేపు అడగడానికి వచ్చిన వాళ్లకు తలుపు తీసేది కూడా ఇంట్లో ఉన్న మనిషే.

దీనికి జవాబులు ఉంటాయి, నాకు తెలుసు. "అన్నీ ఆటోమేటిక్ వచ్చాయి కదా వదినా" అంటారు. తగ్గిన నీళ్లు తానే పోసుకునే మిషను ఉన్నమాట నిజం. ఆ మిషను డబ్బాలో నీళ్లు నింపేది మనిషే. "సముద్రానికి నష్టం లేకుండా పెంచొచ్చు" అంటారు. అదీ నిజమే. మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన కేంద్రంలో క్లౌన్ ఫిష్‌ను తొట్లలోనే గుడ్లు పెట్టించి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో అక్కడి ఆడవాళ్లకు అలంకారపు రొయ్యల పెంపకం నేర్పించారు. చూడండి, అక్కడ ఉప్పునీళ్ల తొట్టి కడగడం ఆడవాళ్లకు ఆదాయమిచ్చే పని. అదే తొట్టి మన హాల్లోకి వచ్చేసరికి "నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా" అయిపోతుంది.

"పిల్లలు నేర్చుకుంటారు" అనేది చివరి జవాబు. మంచిదే, నేర్చుకోనివ్వండి. మేత కొలవడం, నాచు గీకడం, ఉప్పు చూడడం పన్నెండేళ్ల పిల్లాడికి చేతనవుతుంది. కూతురితో పాటు కొడుక్కీ ఆ వంతు వెయ్యండి. చూసి మెచ్చుకోవడం పిల్లలకూ, కడగడం అమ్మకూ అయితే వాళ్లు నేర్చుకునేది సముద్రం గురించి కాదు, అమ్మ గురించి.

మీకే ఇష్టముంటే నిరభ్యంతరంగా పెట్టుకోండి అక్కా. మీ తొట్టి, మీ పేరు, ఎవరూ వంక పెట్టడానికి లేదు. ఇంట్లో ఇంకొకరి ముచ్చటైతే మాత్రం కొనకముందే ఒక నెల పరీక్ష పెట్టండి. అడిగినవాళ్లు రోజూ ఒకే వేళకు ఒక లీటరు నీళ్లు కొలిచి తులసికోటలో పొయ్యాలి. ప్రతి ఆదివారం పది లీటర్ల బకెట్ మేడమీది కుండీలకు మొయ్యాలి, కిటికీ అద్దాలు తుడవాలి. ఊరెళితే తన బదులు ఎవరు చేస్తారో తనే మాట్లాడిపెట్టాలి, మీకు అప్పజెప్పకూడదు. క్లౌన్ ఫిష్ బాగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతుకుతుంది. ముప్పై రోజులు గుర్తుపెట్టుకోలేనివాళ్లు దాన్ని పదేళ్లు సాకలేరు. నెల గడిచింది, ఒక్క రోజూ తప్పలేదు అంటే అప్పుడు కొనుక్కోమనండి. తప్పితే తులసి ఏమీ చావదు, మీ హాలూ మీకు ఉంటుంది.