జోర్బా లేడు, పులుసుంది!

"సినిమా పత్రికలో చేపల పులుసు గోలేమిటండీ?" అని మీరు అడక్కముందే చెప్పేస్తున్నాను. ఇందులో సినిమా ఉంది. మొదట వడ్డించేది అదే!

1964లో 'జోర్బా ది గ్రీక్' అనే సినిమా వచ్చింది. దర్శకుడు మైకేల్ కకోయానిస్, జోర్బాగా ఆంథోనీ క్విన్. చివర్లో సముద్రపొడ్డున క్విన్ చేసిన నాట్యానికి ప్రపంచం వెర్రెత్తిపోయింది. దాని పేరు సిర్తాకి. ఏథెన్స్‌లో ఎక్రోపోలిస్ కొండ దిగువన ప్లాకా అనే పాతపేట ఉంది. యాత్రికుల సందడంతా అక్కడే. అక్కడి సంప్రదాయ భోజనశాలల్ని టవెర్నాలంటారు. విస్తరి ముందు కూర్చోగానే బుజుకీ వాయిద్యం మోగుతుంది, భుజాల మీద చేతులేసుకుని సిర్తాకి మొదలవుతుంది. "ఆహా! సోక్రటీసు కాలం నాటి సంప్రదాయం!" అని వచ్చినవాళ్ళు మురిసిపోతారు.

తీరా చూస్తే ఆ నాట్యం పుట్టిందే ఆ సినిమా కోసం! పాత నృత్యాల అడుగులు కలిపి కొత్తగా కట్టారు. కాలికి దెబ్బ తగిలి గంతులెయ్యలేక కాలీడ్చానని, అదే స్టయిలైపోయిందని క్విన్ తర్వాత చెప్పుకున్నాడు. సినిమావాళ్ళు తలుచుకుంటే సంప్రదాయాలక్కూడా కొదవా!

అయితే టవెర్నాకి నిజమైన పాత ఆచారం ఒకటుంది. వచ్చినవాడు తిన్నగా వంటింట్లోకెళ్ళి, గిన్నెల మూతలెత్తి చూసి, కావలసింది చెప్పి వచ్చి కూర్చోవడం. దీనికి బాజా లేదు, భజంత్రీ లేదు. ఆ ఆచారాన్ని నేను మన మైపాడులో కళ్ళారా చూశాను.

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా ఇరవై పైచిలుకు కిలోమీటర్లు. వరిచేలు, రొయ్యల గుంటలు దాటితే సముద్రం. ఆదివారమైతే ఇసుక కనపడదు, జనమే! నేను దూరిన హోటలు నాలుగు గుంజలు, ఒక తాటాకు పందిరి. నాకంటే ముందొచ్చిన కాలేజీ కుర్రాళ్ళు బోర్డు చూసి "వంజరం ఫ్రై! ఫ్రైడ్ రైస్!" అని కేకలేస్తున్నారు.

"అయ్యి బోర్డు మీదుండాయి గానీ సముద్రంలో లేవబ్బయా! ఇయ్యాల కానాగంతలు పడినాయి, నెత్తళ్ళు పడినాయి. ఇట్టా వచ్చి చూసుకోండి" అంటూ పొయ్యి దగ్గరున్నావిడ మూత తీసింది. రమణారెడ్డిగారు తెరమీద పండించిన నెల్లూరు యాస అచ్చంగా అదే!

మట్టిదాక. అందులో చింతపండు పులుసు, దించేముందు వేసిన మామిడికాయ ముక్కలు. పులుపు మీద పులుపన్నమాట. గరిటె పెడితే ముక్క విరిగిపోతుందని దాకనే రెండు చేతులా పట్టుకుని తిప్పుతోంది. "నిన్న రాత్రి కాచింది ఇంకో దాకలో ఉండాది. అది ఇంకా బాగుంటాది" అంది. కుర్రాళ్ళలో ఇద్దరు కూర్చున్నారు. ముగ్గురు పక్క హోటలుకి పోయారు. అక్కడ సౌండు బాక్సు అదరగొడుతోంది.

"మా వాడు కూడా మైకు పెడదామంటుండాడు. పాటలుంటేనే జనం వస్తారంట" అందావిడ.

"పెట్టక్కా, మంచిదేగా!" అన్నాను. బాలూని తనవాడని చెప్పుకునే ఊళ్ళో పాట వద్దనడానికి ఎన్ని గుండెలు?

"పాటతో పోయేదానికేముంది! ఐసు చేప కూడా తెద్దామంటాడు. వేసవి సెలవలకే కదా జనం విరగబడేది? సరిగ్గా అప్పుడే పడవలు కట్టేస్తారు!"

నిజమే. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరపడవల వేటకి నిషేధం. అది ఉండాలి కూడా. లేకపోతే తర్వాత వలలో పడేదేముంది? కానీ మే నెలలో కూడా మనకి వంజరమే కావాలి. ఎక్కడిదని అడగం.

ఆ రెండు నెలలూ ఈవిడ వంకాయా ఎండు నెత్తళ్ళూ వండుతుంది. తినేవాళ్ళు తింటారు, లేనివాళ్ళు లేచిపోతారు. ఇలా ఎన్ని వేసవులు లాగుతుందో చెప్పలేను. ఆ లెక్క కొడుకు చేతిలో కాదు, బోర్డు చూసి కేకలేసే మన చేతిలోనే ఉంది.

సిర్తాకి సినిమా పెట్టిన భిక్ష. దాన్ని కావాలంటే మళ్ళీ కట్టుకోవచ్చు. మూత తీసి "ఇయ్యాల ఇదే ఉండాది" అని చెప్పే మనిషి పొయ్యి ఆర్పేస్తే ఏ డాన్సు మాస్టరూ తిరిగి కట్టలేడు.

కాబట్టి మిత్రులారా, ఈసారి మైపాడు వెళితే బోర్డు చదవకండి. "అక్కా, ఇయ్యాల ఏం పడింది?" అని అడగండి. మే నెలలో వెళితే ఎండు నెత్తళ్ళు వడ్డిస్తుంది. మొహం చిట్లించకండి. నాలుగో ముద్దకి మీరే ఇంకాస్త అన్నం అడుగుతారు!