వాడ మాట – 23: కాంట్రాక్టర్ వెనక దాక్కున్న యజమాని



పోయిన భాగంలో కనీస వేతనం గురించి రాశాక చాలామంది విద్యార్థులు ఇన్‌బాక్సులో ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, మా హాస్టల్లో ఊడ్చే అక్కల జీతంలో ఈఎస్‌ఐ అని కోస్తున్నారు. ఆ డబ్బు ఎక్కడికి పోతుంది?" ఈ భాగం మొత్తం ఆ ప్రశ్న గురించే.

ముందు లెక్క చూద్దాం. నెల జీతం 12,000 అనుకోండి. 2019 జులై నుంచి ఉన్న రేట్ల ప్రకారం కార్మికురాలి వాటా 0.75 శాతం, అంటే 90 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, అంటే 390 రూపాయలు. రెండూ కలిపి 480 రూపాయలు. వచ్చే నెల 15వ తేదీలోపు ఈఎస్‌ఐ కార్పొరేషన్‌కి కట్టాలి. నెలకు 21,000 దాకా జీతం ఉండి, పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. ఇష్టమైతే కడతాం, లేకపోతే లేదు అనడానికి వీల్లేదు. యజమానికి ఆ స్వేచ్ఛ లేదు. "నా జీతంలో కోయొద్దు సార్" అని కార్మికురాలు అడిగినా చట్టం ఒప్పుకోదు.

ఈ 480 రూపాయలకు వచ్చేదేంటి? ఆమెకూ కుటుంబానికీ వైద్యం. జబ్బు చేసి పనికి పోలేకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం. కాన్పుకు 26 వారాల జీతం. పనిలో దెబ్బ తగిలి మంచాన పడితే జీతంలో 90 శాతం. పనిలో ప్రాణం పోతే కుటుంబానికి నెలనెలా పింఛను. మన వాడల్లో జబ్బు చేస్తే మందుల ఖర్చు ఒక దెబ్బ, కూలి పోవడం ఇంకో దెబ్బ. ఈ రెండో దెబ్బను కూడా లెక్కలోకి తీసుకున్న ఏర్పాటు ఇది.

ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడు బాబాసాహెబ్. ఆయన ఆ పదవిలో ఉండగానే 1943లో ప్రొఫెసర్ బి.పి. అడార్కర్‌కు కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని అప్పగించారు. 1944లో ఆ నివేదిక వచ్చింది. దాని పునాది మీద 1948లో ఈఎస్‌ఐ చట్టం అయింది. అప్పుడు కార్మిక మంత్రి బాబూ జగ్జీవన్ రామ్. అంటే ఈ చట్టం పుట్టినప్పుడూ పెరిగినప్పుడూ ఆ శాఖలో కూర్చున్నది మనవాళ్లే. మరి ఈ రోజు దాని ఫలం అందకుండా పోతున్నది ఎవరికి? చీపురు పట్టిన మనవాళ్లకే. దీన్ని మామూలు లంచగొండితనం అనుకుని వదిలేస్తారా?

మా పిన్ని సంగతి చెప్తాను. జిల్లా కేంద్రంలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఎనిమిదేళ్లు హౌస్‌కీపింగ్ చేసింది. ఐసీయూ నేల తుడిచింది, ఆపరేషన్ థియేటర్ రక్తం కడిగింది. ఆ ఎనిమిదేళ్లలో ఏజెన్సీలు మూడు మారాయి. చీర రంగు మారింది, ఫ్లోరు మారలేదు, సూపర్‌వైజర్ తిట్లు మారలేదు. జీతం చీటీలో ఈఎస్‌ఐ కోత మాత్రం నెలనెలా ఉంది. గర్భసంచి ఆపరేషన్ పడ్డప్పుడు ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి పోతే "అమ్మా, నీ పేరు మీద నంబరే లేదు" అన్నారు. ఆసుపత్రి హెచ్‌ఆర్‌ని అడిగితే "మీరు మా స్టాఫ్ కాదు, ఏజెన్సీని అడగండి". ఏజెన్సీని అడిగితే "మేం వచ్చింది మొన్న, పాత ఏజెన్సీని అడగండి". పాత ఏజెన్సీ ఫోను స్విచాఫ్. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించాం. నలభై రోజుల తర్వాత పనికి పోతే ఆమె చీపురు ఇంకొకరి చేతిలో ఉంది.

ఈ కథలో దొంగ ఎవరని అడిగితే అందరూ కాంట్రాక్టర్‌ని చూపిస్తారు. వాడు దొంగే, కాదనను. కానీ చట్టం మొదటి వేలు చూపించేది వాడి వైపు కాదు.

1948 చట్టం 40వ సెక్షన్ చూడండి. నేరుగా పెట్టుకున్న కార్మికులకైనా, మధ్యలో కాంట్రాక్టర్ ద్వారా పెట్టుకున్న కార్మికులకైనా, ఇద్దరి వాటాలూ ముందుగా కట్టాల్సింది అసలు యజమాని. కాంట్రాక్టర్ దగ్గర్నుంచి ఎట్లా రాబట్టుకుంటాడన్నది తర్వాత సంగతి, ఆ దారి 41వ సెక్షన్లో ఉంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ సూత్రాన్ని తీసేయలేదు. అంటే "మా స్టాఫ్ కాదు" అనే మాట ఈఎస్‌ఐ విషయంలో చట్టం ముందు చెల్లదు. నీ నేల తుడిచింది కదా? నీ దగ్గరే పని చేసింది కదా? అయితే కట్టాల్సింది నువ్వే.

మరి ఇంత స్పష్టంగా ఉంటే కాంట్రాక్టర్ ఎందుకు? ముట్టుకోకుండా పని చేయించుకోవడానికి. ఇది ఈ దేశానికి కొత్త విద్యేం కాదు. ఊళ్లో పశువు చస్తే ఎత్తడానికి మనం కావాలి, గడప లోపలికి మాత్రం రాకూడదు. ఇప్పుడు మరుగుదొడ్డి కడగడానికి మనం కావాలి, మస్టర్‌లోకి మాత్రం రాకూడదు. అప్పటి గడపే ఇప్పుడు రిజిస్టర్ అయింది. హౌస్‌కీపింగ్ ఏజెన్సీల హాజరు పట్టీ తీసి చూడండి, మాదిగ, మాల, రెల్లి ఇళ్ల ఆడవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. ఆ తర్వాత అదే భవనంలో అకౌంట్స్ సెక్షన్ పేర్లు చదవండి. నేనేం చెప్పక్కర్లేదు.

నూరు మంది ఉన్న చోట నెలకు 480 చొప్పున ఎగ్గొడితే 48,000. ఏడాదికి 5,76,000. అందులో 1,08,000 మన ఆడవాళ్ల జీతంలోంచే కోసిన డబ్బు. అలా కోసిన డబ్బు కార్మికుల తరఫున తన చేతికి అప్పగించిన సొమ్ముతో సమానమని చట్టం అంటుంది. దాన్ని కట్టకపోతే 1948 చట్టం 85వ సెక్షన్ ప్రకారం ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు. కిరాణా కొట్టులో పాలపొడి డబ్బా ఎత్తుకెళ్లిన పిల్లాణ్ణి స్తంభానికి కట్టేసే ఊళ్లు చూశాం. నూరు మంది జీతం కోసుకు తిన్న యజమానిని కనీసం స్టేషన్‌కి పిలిచిన సందర్భం మీలో ఎంతమంది చూశారు?

పైగా ప్రభుత్వాల దారి ఎటు? 2025 జులైలో 'స్ప్రీ' అనే పథకం మొదలుపెట్టారు. అప్పటిదాకా నమోదు చేసుకోని యజమాని ఆ పథకం గడువులోపు చేసుకుంటే చాలు, పాత కాలానికి చందా అడగం, పాత రికార్డులు చూడం, తనిఖీ చేయం అన్నారు. భయం లేకపోతే ఎక్కువమంది ముందుకొస్తారని వాళ్ల వాదన. సరే, రానివ్వండి. కానీ నమోదుకు ముందు గడిచిన ఏళ్లలో జబ్బుపడి అప్పులపాలైన కార్మికురాలి సంగతేంటి? యజమాని తప్పు మాఫీ అయింది, ఆమె అప్పు ఎవరు మాఫీ చేస్తారు? కొత్త కోడ్‌లో ఇన్‌స్పెక్టర్ పేరుకు 'ఫెసిలిటేటర్' అనే తోక తగిలించారు. కేసు పెట్టేముందు యజమానికి సరిచేసుకోమని 30 రోజుల గడువు ఇవ్వాలట. మన వాళ్లు పనికి అరగంట లేటైతే సగం రోజు కోస్తారు, అక్కడ గడువు లేదు.

"ఆరోగ్యశ్రీ ఉందిగా, ఇంకా ఈఎస్‌ఐ ఎందుకు?" అని మన మిత్రులే అంటున్నారు. ఆరోగ్యశ్రీ వద్దని నేననను, అది ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కానీ అది ఆపరేషన్ బిల్లు కడుతుంది, మంచాన పడ్డ నలభై రోజుల కూలి ఇవ్వదు. ఇంకో సంగతి. ఆరోగ్యశ్రీ డబ్బు ప్రజల పన్నుల్లోంచి వస్తుంది, ఈఎస్‌ఐలో పెద్ద వాటా యజమాని జేబులోంచి రావాలి. యజమాని తన వాటా ఎగ్గొట్టి కార్మికురాలిని ఆరోగ్యశ్రీకి పంపితే, వాడి బాకీ మనందరం కడుతున్నట్టే.

"ఈఎస్‌ఐ ఆసుపత్రుల్లో మందులే ఉండవు" అనేది రెండో మాట. అందులో నిజముంది. మందుల కొనుగోళ్ల కుంభకోణాల్లో 2019లో తెలంగాణలో, 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ఏసీబీ అరెస్టులు చేసింది. కార్మికుల సొమ్ము కాబట్టే అంత ధైర్యంగా తిన్నారు. దానికి మందు ఆసుపత్రిని బాగుచేయమని కొట్లాడటం. బడి బాగాలేదని బడి మానేస్తామా?

ఇక విద్యార్థులకు. మీరు రాజ్యాంగం మీద సెమినార్లు పెడతారు, ఏప్రిల్ 14న ర్యాలీలు తీస్తారు. చాలా సంతోషం. మీ గది బయట వరండా ఊడ్చే అక్కను ఈ వారం నాలుగు ప్రశ్నలు అడగండి. ఈఎస్‌ఐ పది అంకెల నంబర్ ఇచ్చారా? కార్డు చేతిలో ఉందా? జీతం చీటీలో కోత ఉందా? ఏజెన్సీ మారినప్పుడు పాత నంబరే కొనసాగించారా? నంబర్ ఉంటే ఈఎస్‌ఐ వెబ్‌సైట్లో ఏ నెల ఎంత కట్టారో కనిపిస్తుంది, మీ ఫోన్లో చూపించండి. అక్కడ ఖాళీలుంటే జీతం చీటీలతో పాటు ఈఎస్‌ఐ ప్రాంతీయ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే ఏజెన్సీతో చేసుకున్న ఒప్పందం, నెలవారీ ఈఎస్‌ఐ చలాన్లు, వాటిలోని పేర్ల సంఖ్య ఇవ్వమని ఆర్టీఐ పెట్టండి. పని చేసేది ఎనభై మంది, చలాన్లో ముప్పై మంది ఉంటే మీ ఉద్యమం అక్కడే మొదలైంది.

ఒక జాగ్రత్త. ఫిర్యాదు ఒక్క అక్క పేరు మీద పెట్టించకండి, మర్నాడే పని పోతుంది. పదిమందీ కలిసి, యూనియన్ ఉంటే యూనియన్ పేరు మీద పెట్టండి. ఫిర్యాదులో మొదటి పేరు కాంట్రాక్టర్‌ది కాకుండా బిల్డింగ్ మీద బోర్డు ఎవరిదో వాళ్లది రాయండి. కట్టాల్సింది వాళ్లని చట్టమే చెప్తోంది, మనం మొహమాటపడటం దేనికి?

అడిగిన అక్కలు ఏం చెప్పారో కింద కామెంట్లలో రాయండి. వాళ్ల పేర్లు మాత్రం రాయకండి. వచ్చే భాగం పీఎఫ్ మీద.

జై భీమ్.