గేదె చెవి పోగు – తవుడు ధర

(మా వాణిజ్య ప్రతినిధి)

రాజమండ్రి: తవుడు, చెక్క, వరిగడ్డి బేరాలు చేసే వర్తకులు పొద్దున కొట్టు తెరవగానే మూడు సంగతులు వాకబు చేస్తారు. మిల్లుల్లో ఆడకం ఎట్లా ఉంది? సాల్వెంటు ప్లాంట్లవారు ఏ రేటుకు కొంటున్నారు? చేపల చెరువులవారి గిరాకీ ఎంత? ఈ మూడూ తెలిస్తే ఆనాటి రేటు కడతారు.

అడగవలసిన నాలుగో సంగతి ఒకటుంది. ఈ మండలాలలో ఎన్ని గేదెలు పాలిస్తున్నాయి, రాబోయే నాలుగు నెలలలో ఎన్ని ఈనబోతున్నాయి? దీనిని ఎవరూ అడగరు. అడిగినా చెప్పే నాథుడు లేడనుకుంటారు. నిజానికి ఈ ప్రశ్నకు జవాబు చాలామటుకు ప్రభుత్వ కంప్యూటరులో ఉంది. కాని అది కొట్టులోని వర్తకుడికి చేరదు. రెండు గేదెలు కట్టుకుని బతికే చిన్న రైతుకూ చేరదు. ఈ లెక్క బయటికి రావాలని పట్టుబట్టవలసిన వారిలో వర్తకులు ముందుండాలన్నది నా అభిప్రాయం.

నిషేధం నేర్పిన పాఠం

2023 జులై 28న కేంద్ర ప్రభుత్వం నూనె తీసిన తవుడు ఎగుమతిని నిషేధించింది. పశువుల దాణా ఖరీదు పెరిగి పాల ధర పెరుగుతున్నదని, సరకు దేశంలోనే ఉంటే దాణా చౌక అవుతుందని అప్పటి వాదన. మొదట నాలుగు నెలలకే అన్నారు. తర్వాత పలుమార్లు పొడిగించారు. చివరకు 2025 అక్టోబరులో ఎత్తివేశారు. ఏటా 5, 6 లక్షల టన్నులు వియత్నాం, బంగ్లాదేశ్ వంటి దేశాలకు పోయే సరకు రెండేళ్లకు పైగా ఆగిపోయింది. సాల్వెంటు మిల్లుల సంఘంవారు మొదటి నుంచీ అభ్యంతరం చెబుతూనే వచ్చారు.

నిషేధం మంచిదా, చెడ్డదా అన్నది ఇక్కడి వాదం కాదు. మన పశువులకు నిజంగా ఎంత తవుడు కావాలి, ఏ నెలలో ఎంత కావాలి, చేపల చెరువులకు పోయేది ఎంత అన్న లెక్కను అటు ప్రభుత్వంగాని, ఇటు వర్తక సంఘాలుగాని జనం ముందు పెట్టలేదు. లెక్క లేని చోట నిర్ణయం అంచనా మీద జరుగుతుంది. ఆ అంచనా తప్పితే నష్టం మిల్లరుకూ, వర్తకుడికీ, పాడి రైతుకూ కూడా.

గోదావరి డెల్టాలో ఈ చిక్కు మరీ ఎక్కువ. సార్వా, దాళ్వా రెండు పంటలూ పండే నేల కనుక తవుడుకూ గడ్డికీ ఇక్కడ కొదవ ఉండకూడదు. కాని భీమవరం, కొల్లేరు వైపు వరిచేలు చెరువులయ్యాయి. చెరువు తవ్విన ఎకరంలో గడ్డి పుట్టదు. పైగా ఆ చెరువులోని చేపకు నూనె తీసిన తవుడు కావాలి. కోత యంత్రాలు వచ్చాక గడ్డి చేలోనే నలిగిపోతున్నది. కొన్నిచోట్ల తగలబెడుతున్నారు, కొన్నిచోట్ల కట్టలు కట్టే యంత్రాలతో చుట్టి బయటి ఊళ్లకు లారీలలో పంపుతున్నారు. గేదెకూ చేపకూ ఒకే బస్తా దగ్గర పోటీ వచ్చింది. ఆ పోటీలో చిన్న రైతు బేరం ఎప్పుడూ చివరిదే.

పోగులో ఉన్న సంగతి

ఇప్పుడు పశువుల చెవులకు పసుపుపచ్చ పోగులు కనబడుతున్నాయి. ఒక్కొక్క పోగు మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. 2019 సెప్టెంబరులో గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధుల నివారణకు దేశవ్యాప్త టీకాల కార్యక్రమం మొదలయ్యాక పోగులు వేయడం జోరందుకుంది. టీకా, చూలు కట్టించిన తేదీ, ఈత, చికిత్స వగైరా వివరాలు ఆ సంఖ్య కింద నమోదు కావాలి. మొదట జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థవారు తయారుచేసిన ఇనాఫ్ అనే వ్యవస్థలో రాసేవారు. ఇప్పుడు భారత్ పశుధన్ అనే వేదికలో రాస్తున్నారు. 2019 పశుగణన కాగితాల బదులు చేతి కంప్యూటర్లతో జరిగింది. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణన సెల్‌ఫోన్ యాప్‌తో జరిగింది.

ఇందులో వర్తకుడికి పనికివచ్చేది ఏమిటి? గేదెకు చూలు కట్టించిన తర్వాత పది నెలలకు ఈనుతుంది. రెండు మూడు నెలలకు పశువైద్యుడు చూసి చూలు నిలిచిందని ఖాయం చేస్తాడు. అంటే ఈత సంగతి ఏడు నెలల ముందుగానే తెలుస్తుంది. బొంబాయి ఫోనుగాని, ఏజెంటు కబురుగాని తవుడు గిరాకీ గురించి ఇంత ముందుగా చెప్పలేదు.

ఉదాహరణకు లెక్క కడదాం. పాలిచ్చే గేదెకు రెండు లీటర్లకు ఒక కిలో దాణా అన్నది పాత వాడుక. ఒక మండలంలో వెయ్యి గేదెలు ఒకే సమయంలో ఈని, సగటున 5 లీటర్లు ఇచ్చాయనుకోండి. పాల కోసమే రోజుకు రెండున్నర టన్నుల దాణా అదనంగా కావాలి. నెలకు 75 టన్నులు. పది టన్నుల లారీలైతే ఏడెనిమిది లోడ్లు. అవే గేదెలు వట్టిపోతే ఆ గిరాకీ మాయమవుతుంది. గేదెలు ఎక్కువగా వానాకాలం చివరి నుంచి చలికాలం వరకు ఈనుతాయి కనుక ఈ ఎగుడుదిగుడు ఏటా వచ్చేదే. ఏ మండలంలో ఎంత అన్నదే తెలియదు.

పచ్చి తవుడు నిల్వ ఉండే సరకు కాదని వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. కొద్ది రోజులకే నూనె చెడి ముక్క వాసన కొడుతుంది. అటువంటి సరకులో ముందుచూపు విలువ ఎంతో మీరే చెప్పగలరు.

అన్ని గేదెలకూ సూది వేయించరు, ఊళ్లో దున్నపోతు ఉంది కదా అనవచ్చు. నిజమే. పోగు ఊడిన గేదె, సంతలో అమ్మిన గేదె, చచ్చిన దూడ వివరాలు సవరించకపోతే కంప్యూటరులో అవి ఎప్పటికీ బతికే ఉంటాయి. లెక్కలో లోపాలున్నాయి. కాని మిల్లుల ఆడకం గురించి మనకు అందే కబుర్లలో మాత్రం లోపాలు లేవా? వాడుకునేవాడు ఉంటేనే లెక్క శుభ్రపడుతుంది. ఎవరూ చూడని చిట్టాలో తప్పు దిద్దేవాడు ఉండడు.

నాణ్యానికి ధర

పరిశోధన సంగతికి వస్తే, వర్తకులు గర్వపడవలసిన ఉదంతం మన రాష్ట్రానికి పొరుగునే జరిగింది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్, అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థలకు చెందిన శాస్త్రజ్ఞులు 2004-05లో హైదరాబాదులో జొన్న చొప్ప అమ్మే వర్తకుల వద్ద నెలనెలా ధరలు రాసుకుని, ఆ చొప్పను ప్రయోగశాలలో పరీక్షించారు. అరుగుదల 47 శాతం ఉన్న చొప్పకూ, 52 శాతం ఉన్న చొప్పకూ ధరలో పాతిక శాతం దాకా తేడా కనబడింది. ఏ యంత్రమూ లేని వర్తకుడు కంటితో, చేతితో కట్టిన ధర, ప్రయోగశాల లెక్కతో సరిపోయింది! మేలైన చొప్పకు బజారులో మేలైన ధర ఉందని తేలాక, గింజతోపాటు చొప్ప నాణ్యం కూడా చూసి వంగడాలను ఎంచాలన్న వాదానికి బలం వచ్చింది.

మన వరిగడ్డికి ఇటువంటి పని జరగాలి. మారుటేరు వరి పరిశోధన స్థానం 1925 నుంచి ఉన్నది. 1982లో విడుదలైన స్వర్ణ అక్కడిదే. దిగుబడి, చీడ, ముంపు, గింజ నాణ్యం అన్నీ చూసి వంగడం విడుదల చేస్తారు. ఏ వంగడం గడ్డి గేదెకు ఎంత ఒంటబడుతుందన్నది కూడా ఆ పట్టికలో ఒక గడిగా చేరితే, గడ్డి మేటు దగ్గర బేరం ఊహ మీద కాక నాణ్యం మీద జరుగుతుంది.

పరిశోధన చెప్పినదల్లా రైతు అందుకుంటాడని కాదు. నూరు కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను నీళ్లలో కలిపి చల్లి, మూడు వారాలు గాలి చొరకుండా కప్పి ఉంచితే అరుగుదల పెరుగుతుందని దశాబ్దాలుగా చెబుతున్నారు. అది శాస్త్రరీత్యా నిజం. అయినా చేసే రైతులు తక్కువ. కూలి ఎవరు, పట్టా ఎక్కడిది, చోటు ఏది? ఈ ప్రశ్నలు అడగకుండా ఇచ్చే సలహా కరపత్రంలోనే ఉండిపోతుంది. రైతు ఇంటి లెక్క తెలుసుకునే పరిశోధనే రైతుకు చేరుతుంది. ఆఫ్రికాలో ఇథియోపియా, టాంజానియాలలో సుమారు పదేళ్లుగా ఆ పని చేస్తున్నారు. ఒకటి రెండు ఆవులున్న ఇళ్లకు వెళ్లి పాల కొలతలు చేతి కంప్యూటర్లలో ఎక్కించి, ఆ లెక్కల మీద మంచి ఆంబోతులను ఎంచుతున్నారు. రైతుకు సెల్‌ఫోనులో తిరిగి సలహా పంపుతున్నారు. గమనించవలసింది ఆ చివరి మాటే. తీసుకున్న లెక్క రైతుకు తిరిగి వెళ్లడం.

రైతుకు దక్కేదేమిటి?

మా ఇంట్లో ఒక గేదె ఉండేది. మా అమ్మ దానికి చూలు కట్టించిన తేదీని గోడ మీది క్యాలెండరులో గీత పెట్టి, పది నెలలు లెక్కపెట్టేది. ఆ గీతను బట్టే తవుడు కొట్టులో ఖాతా తెరిచేది. గేదె ఈనాక పాల డబ్బుతో తీర్చేది. కొట్టు యజమాని కూడా ఆ గీతను నమ్మే అప్పు ఇచ్చేవాడు. కొన్నేళ్ల తర్వాత మా బంధువుల గేదె ఒకటి జబ్బుచేసి పోయింది. బీమా ఉంది. కాని అంతకు ముందే పోగు ఎక్కడో కంచెకు తగులుకుని ఊడిపోయింది. పోగు లేదు కనుక పరిహారం లేదన్నారు. గేదెను ఎరిగిన ఊరంతా సాక్ష్యం ఉన్నా లాభం లేకపోయింది.

అమ్మ గీసిన గీత మా చేతిలో ఉండేది. ఇప్పటి లెక్క రైతు చేతిలో లేదు. తేడా అక్కడే ఉంది. పోగు రైతు మీద నిఘా కాగితంగా కాకుండా, రైతు చేతిలో హామీ కాగితంగా ఉండాలి. ఆ సంఖ్య చూపిస్తే గేదె ఎన్నో ఈతదో, ఎన్ని పాలు ఇచ్చిందో, టీకాలు పడ్డాయో తెలియాలి. సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని సాగే బేరంలో రైతుకు ఆ కాగితం అండగా ఉండాలి. బ్యాంకులో అప్పుకు, బీమా పరిహారానికి అదే ఆధారం కావాలి. 1986 ఆగస్టు వరదలోనూ, 2022 జులై వరదలోనూ లంక గ్రామాలవారు పశువులను గట్ల మీదకు తోలుకుని వచ్చారు. ఏ లంకలో ఎన్ని తలలు ఉన్నాయో ముందే తెలిసి ఉంటే, గడ్డి లారీ ఎక్కడికి పోవాలో వెతుక్కోనక్కరలేదు.

మరో చిక్కు కూడా ఉంది. మన వైపు గేదెను పాలుకు ఇచ్చే ఆచారం ఉంది. సొంతదారు ఒకరు, మేపేది మరొకరు. చాకిరీ ఇంటి ఆడవారిది, కంప్యూటరులో పేరు మగవారిది. ఎవరి పేరు ఎక్కితే పరిహారం వారికే పోతుంది. మేపేవారి పేరు కూడా ఎక్కే వీలు లేకపోతే, అసలు చిన్న రైతు ఈ లెక్కలో కనబడడు.

వర్తకుల శంక

ఈ మాటలు ఒకరిద్దరు వర్తక మిత్రుల వద్ద అంటే, గిరాకీ సంగతి రైతుకూ తెలిస్తే మాకు మిగిలేది ఏమిటని నవ్వారు. నిజమే, చాటున ఉన్న సమాచారంలో కొంత లాభం ఉంది. ఆ లాభం కొందరిది. కాని సమాచారం లేక సరకు ముక్కిపోయిన నష్టం అందరిదీ. అదీగాక ఆ చాటు లాభం ఎల్లకాలం చిన్న వర్తకుడి దగ్గర ఉండదు. లెక్కలు కొనగల పెద్ద దాణా కంపెనీలు రేపు దానిని సంపాదించగలవు. అందరికీ తెరిచిన లెక్కే చిన్న కొట్టుకు రక్ష.

మన వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. ఊక పొడి కలిపిన తవుడు, ఇసుక కలిసిన చెక్క బజారులో లేవని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగేవారు ఎందరు? రైతు డబ్బిచ్చి కొన్నది గేదె పొట్టలో అరగకపోతే, పాలు తగ్గిన నేరం గేదె మీద పడుతుంది. బస్తాతోపాటు మాంసకృత్తులు ఎంత, ఇసుక ఎంత అని పరీక్ష చీటీ ఇచ్చే వర్తకుడికి, హైదరాబాదు చొప్పకు దొరికినట్టే, మంచి ధర దొరుకుతుంది.

కావలసినవి

కావలసినవి మూడు. మొదటిది, పశుసంవర్ధక శాఖవారు మండలాలవారీగా చూలు పశువుల, పాడి పశువుల సంఖ్యను నెలనెలా ప్రకటించాలి. రైతుల పేర్లు, ఫోను నంబర్లు వర్తకులకు అక్కరలేదు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చాక అవి ఇవ్వనూ కూడదు. తలల లెక్క చాలు. రెండవది, తవుడు, చెక్క, వరిగడ్డి నాణ్య పరీక్ష తక్కువ రుసుముకు డెల్టాలోనే జరగాలి. వర్తక సంఘాలు ముందుకు వస్తే పశువైద్య విశ్వవిద్యాలయం, పరిశోధన స్థానాలు సాయపడగలవు. మూడవది, రైతు గేదె వివరాలు రైతుకు తెలుగులో, ఫోనులో కనబడాలి. తప్పుంటే దిద్దించుకునే హక్కు, పోగు ఊడితే పాత సంఖ్య కిందే కొత్త పోగు వేయించుకునే వీలు ఉండాలి.

ఎగుమతి మళ్లీ మొదలయింది. విదేశీ గిరాకీ బిగిస్తే తవుడు ధర పెరుగుతుంది. అప్పుడు మళ్లీ నిషేధం మాట వినబడవచ్చు. ఆ రోజున మన పశువులకు ఇంత కావాలి, చేపలకు ఇంత కావాలి, మిగులు ఇంత అని బల్ల మీద లెక్క పెట్టగలిగితే ఆ వాదానికి విలువ ఉంటుంది. ఈ సీజనులోనే వర్తక సంఘాలు కలెక్టరుకు, పశుసంవర్ధక శాఖకు ఆ లెక్కలు అడుగుతూ ఒక అర్జీ పెట్టడం మంచిది.