విమానానికి రంగు అందానికా, ఆనవాలుకా?



సైన్స్ ఎగ్జిబిషన్ కోసం పదో తరగతి అక్కలు థర్మోకోల్‌తో విమానం చేస్తున్నారు. చేతిలో రిమోట్ పట్టుకుని రేడియోతో నడిపేది. ఏ రంగు వెయ్యాలి అని అడిగితే చాలామంది ఆకాశ నీలం అన్నారు. కొందరు తెల్లగానే ఉంచుదాం అన్నారు. నేను రెండూ ఒప్పుకోను.

ఎందుకంటే ఈ విమానంలో పైలట్ ఉండడు. నేల మీద నిలబడి చూసే మన కళ్ళే దానికి పైలట్. 2021 డ్రోన్ నియమాల్లో కూడా ఇలాంటి నమూనా విమానాన్ని కంటికి కనిపించే దూరంలోనే నడపాలని ఉంది. కనిపించకపోతే చెయ్యి దాటినట్టే. మోటారు, బ్యాటరీ పోతే మళ్ళీ ఎవరు కొనిస్తారు?

రంగు ఒక్కటే చూస్తే చాలదు, దాని వెనక ఏముందో చూడాలి. తెల్ల మబ్బు కింద కొంగ సరిగా ఆనదు, కాకి ఆనుతుంది. అదే కొంగ పచ్చటి వరి చేలో దిగితే ఎంత దూరానికైనా కనిపిస్తుంది. మన తిరువూరు చుట్టూ పత్తి, మిరప, మామిడి తోటలు. పత్తి పగిలిన చేలో తెల్ల విమానం పడితే ఎవరు వెతుకుతారు? మామిడి తోటలో పడితే ఆకుపచ్చది దొరకదు. మిరప కళ్ళంలో పడితే ఎర్రది కూడా దాక్కుంటుంది!

మా తండాలో ముసలమ్మలు కట్టే ఎర్ర పేటియా గట్టు మీద ఉన్నా పోల్చుకుంటాం. పచ్చటి చెట్ల మధ్య ఎరుపు కాబట్టి. విమానాల్లో ఉండే బ్లాక్ బాక్స్ పేరుకే నలుపు, దానికి వేసేది నారింజ రంగు. కూలిన చోట వెతికేవాళ్ళకి దొరకాలని.

ఇంకో సంగతి. ఆకాశం వెలుగుగా ఉంటుంది, విమానం అడుగు నీడలో ఉంటుంది. దూరం పోయేకొద్దీ ఏ రంగైనా నల్లగానే అనిపిస్తుంది. అప్పుడు పైభాగం చూస్తున్నామో అడుగు చూస్తున్నామో, వస్తోందో పోతోందో తెలీదు. అది మన వైపు వచ్చేటప్పుడు దాని కుడి మనకి ఎడమ అవుతుంది. అక్కడే చెయ్యి తడబడుతుంది. పెద్ద విమానాలకి కూడా రాత్రి పూట ఎడమ రెక్కకి ఎర్ర దీపం, కుడి రెక్కకి పచ్చ దీపం పెడతారు.

కాబట్టి నా సలహా: పైన అంతా నారింజ రంగు. అడుగున తెలుపు మీద వెడల్పు నల్ల పట్టీలు. ఒక రెక్క చివర మాత్రం పూర్తిగా నలుపు. పువ్వులు, సన్న గీతలు వద్దు, దూరానికి అవి కలిసిపోతాయి. డబ్బాలో వచ్చే స్ప్రే పెయింట్ కొట్టొద్దు, చాలా రకాలకి థర్మోకోల్ కరిగిపోతుంది. రంగు టేపు చాలు.

ఇది బొమ్మ విమానం సంగతి ఒక్కటే కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగితే డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపారు. చేలల్లో డ్రోన్లతో పురుగుమందు కొడుతున్నారు. పక్క చేలో మిరపకాయలు కోసే మా యాడి, అంటే మా అమ్మ, తలెత్తి చూస్తే అది ఎటు వస్తోందో తెలియాలి గదా! రంగు ఎంచేది చేసేవాళ్ళు, కొనేవాళ్ళు. కింద నిలబడి పనిచేసేవాళ్ళని ఎవరూ అడగరు. అడగాలని నేనంటాను.

మన విమానంతోనే మొదలుపెడదాం. చేతిలో పట్టుకుని అందం చూడకండి. గ్రౌండు ఆ చివర ఒకరిని నిలబెట్టి, పైకెత్తి పట్టుకోమని, ఈ చివర నుంచి చూసి చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థిని