మొదటి ప్రతి తెలుగులో రాయండి

బ్రిటన్‌లో బ్రాట్ గైడ్స్ వాళ్ళు కొత్త ప్రయాణ రచయితలకు పోటీ పెడుతూ వచ్చారు. రాయాల్సింది ఇంగ్లీషులో. మా గుడికి వచ్చే పిల్లలు అడుగుతారు: "ఆంటీ, అమ్మమ్మ వాళ్ళ ఊరి గురించి రాయొచ్చా?" తప్పకుండా రాయండి. కానీ మొదటి ప్రతి తెలుగులో రాయండి. అదీ నా మాట.

ఇంగ్లీషులో మొదలుపెడితే, మనకు తెలియకుండానే మన ఊరిని ఒక వింతలా చూపిస్తాం. తెలుగులో రాస్తే ఫోన్‌లో అమ్మమ్మకు చదివి వినిపించొచ్చు. తప్పుంటే ఆవిడే చెబుతుంది: "అది చెరువు కాదురా, కుంట."

"నా తెలుగు చాలదు" అనకండి. ఏనుగుల వీరాస్వామి పండితుడిగా కాదు, మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేశారు. 1830లో కాశీకి బయలుదేరి 1831లో తిరిగొచ్చారు. దారిలో చూసినవి స్నేహితుడి కోసం రాశారు. ఏ మజిలీలో ఏం దొరుకుతుందో కూడా రాశారు. అవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర' పుస్తకంగా వచ్చాయి.

మీరూ అలాగే చేయండి. మీ ఊరికి ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ దిగాలి, అక్కడ టీ ఎంత? ముందు అవి రాయండి. మిగతావి వాటి వెనకే వస్తాయి.